పెట్టకి కాదు, ముందు పిల్లలకి కట్టండి గూడు

(ఉద్దానంలో ఒక మహిళా సంఘం మీటింగ్‌లో పెరటి కోళ్ల గూళ్ల గురించి చెప్పిన మాటలు ఇవి. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. అమ్మా, వెనకాల కూర్చున్నోళ్లు కొంచెం ముందుకి జరగండి, నేను నేల మీద సుద్దతో బొమ్మలు గీసి చూపిస్తాను, అక్కడి నుంచి కనపడవు. బాబూ ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు, నా మాట ఫోన్‌లో రికార్డ్ అవ్వాలంట.

సరే. గూడు ఎలా కట్టాలి, తక్కువ ఖర్చులో ఎలా కట్టాలి అని చెప్పమని పిలిచారు. చెప్తాను. కానీ ముందు నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో పెట్ట పొదిగి ఈ ఏడాది పిల్లల్ని లేపింది కదా, పది లేచాయనుకోండి, రెండు నెలలకి ఎన్ని మిగిలాయి? చెప్పండి, మొహమాటం లేదు. మూడా? ఆ అమ్మ నాలుగంటోంది. పిన్నిగారూ మీకు? ఒక్కటే. చూశారా. మరి పెద్ద కోళ్లు ఎన్ని పోయాయి? ఒకటో రెండో, అంతే కదా. అంటే మన నష్టం ఎక్కడుంది? పిల్లల దగ్గర ఉంది. మరి మనం గూడు ఎవరికి కడుతున్నాం? పెట్టలకీ పుంజులకీ కడుతున్నాం. పిల్లల్ని మాత్రం ఒక గంప కింద మూసేసి, పొద్దున్నే గంప తీసేసి వదిలేస్తున్నాం. ఇవాళ నేను చెప్పేది ఇదే, డబ్బులు తక్కువ ఉన్నాయా, అయితే ఆ ఉన్న డబ్బులు ముందు పిల్లల గూటికి పెట్టండి, పెద్ద గూడు తర్వాత చూద్దాం.

ఎందుకంటే గంప రాత్రికి బానే ఉంటుంది, పిల్లి రాకుండా. కానీ పిల్లల్ని ఎత్తుకుపోయేవి రాత్రి ఎన్ని వస్తున్నాయి, పగలు ఎన్ని వస్తున్నాయి? లెక్కపెట్టండి నాతో. గద్ద, పగలు. కాకి, పగలు. ముంగిస కూడా పగలే వేటాడుతుంది, చాలామంది అది రాత్రి వస్తదనుకుంటారు, కాదు, మీరు జీడితోటకి వెళ్లిన టైములో, ఇంటి దగ్గర ఎవరూ లేని టైములో అది వస్తుంది. జెర్రిపోతు పగలూ తిరుగుతుంది. పిల్లి, పందికొక్కు, ఇవి రాత్రి. కుక్క ఎప్పుడైనా. మరి పగలు వచ్చేవాటికి మన దగ్గర అడ్డం ఏముంది? తల్లి కోడి ఒక్కతే ఉంది. పాపం అది రెక్కలు విప్పి గద్ద మీదకి దూకుతుంది, కానీ ఈ పక్క నుంచి ముంగిస వస్తే అది ఏం చేస్తుంది?

అందుకని పిల్లలకి పగలు ఉండే దడి కావాలి. దడి అంటే పెద్ద ఆవరణ కాదమ్మా, ఒక పెట్టె లాంటిది, ఇదిగో ఇలా గీస్తున్నాను చూడండి, ఆరు అడుగులు పొడవు, నాలుగు అడుగులు వెడల్పు, రెండు అడుగులు ఎత్తు. అడుగు ఉండదు దీనికి, నేల మీద బోర్లిస్తాం. సరుగుడు కర్రల్లో సన్నవి, చీపురు కర్ర లావు కంటే కొంచెం ఎక్కువ ఉంటే చాలు, వాటితో చట్రం కట్టుకుని చుట్టూ అర అంగుళం కన్ను ఉన్న మెష్ వేయాలి. చుట్టుకొలత ఎంత? ఆరు, నాలుగు, ఆరు, నాలుగు, ఇరవై అడుగులు. రెండు అడుగుల వెడల్పు మెష్ ఇరవై అడుగులు కొంటే సరిపోతుంది. పైన మెష్ అక్కర్లేదు, మనకి సముద్రం పక్కనే ఉంది, పాత వలలు దొరుకుతాయి, పైన వల బిగించండి. వల వదులుగా వేలాడకూడదు, లాగి కట్టాలి, వదులుగా ఉంటే పిల్లల కాళ్లు చిక్కుకుంటాయి. ఇంకొకటి, పక్కలకి కింద వరకూ వల వేయొద్దు, ఖర్చు కలిసొస్తుందని వేస్తారు కొంతమంది, పాము వచ్చి ఆ వలలో ఇరుక్కుంటే దాన్ని ఎవరు తీస్తారు? నైలాన్ వల ముంగిస కొరికేస్తుంది కూడా. వల పైకి, మెష్ పక్కలకి, అంతే.

ఈ పెట్టెలో సగానికి పైన కొబ్బరి మట్టలు కప్పండి, నీడకి. సగం ఎండ ఉండాలి, సగం నీడ ఉండాలి, ఎటు కావాలో పిల్లలే చూసుకుంటాయి. మంచినీళ్లు లోతు గిన్నెలో పెట్టకండి, సీసా మూతో డబ్బా మూతో పెట్టి అందులో నాలుగు గులకరాళ్లు వేయండి, చిన్న పిల్లలు రెండు అంగుళాల నీళ్లలో కూడా పడి చచ్చిపోతాయి.

మొదటి రెండు వారాలు పగలు తల్లినీ పిల్లల్నీ కలిపి ఇందులోనే ఉంచండి. రోజూ ఈ పెట్టెని కొంచెం పక్కకి జరపండి, ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది, అందుకే సన్న కర్రలు వాడమన్నాను. ఎందుకు జరపాలి? ఒకే చోట ఉంటే రెట్టలు పేరుకుంటాయి, తడి ఉంటుంది, అక్కడే మేత తింటాయి, రక్తపారుడు వచ్చేది అక్కడి నుంచే. రక్తం కలిసిన రెట్ట వేసి ముడుచుకుని కూర్చుంటాయి చూడండి, అది. చోటు మారిస్తే ఆ బాధ చాలా తగ్గుతుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. పైగా కొత్త చోట చెదలు, పురుగులు, గడ్డి దొరుకుతాయి.

రెండు వారాల తర్వాత పెట్టెకి ఒక పక్కన చిన్న సందు తియ్యండి, నిలువు కర్రల మధ్య రెండు అంగుళాలు. ఇందులోంచి పిల్లలు దూరతాయి, తల్లి దూరలేదు. లోపల నూకలు, తవుడు పెట్టండి. ఇప్పుడేమవుతుంది? తల్లితో బయట తిరుగుతాయి, ఆకలేస్తే లోపలికి దూరి తింటాయి, పెద్ద కోళ్లు వాటి మేత లాక్కోలేవు. గద్ద నీడ పడితే, తల్లి అరిస్తే, పరిగెత్తి లోపలికి పోతాయి. నాలుగైదు రోజుల్లో అలవాటైపోతుంది, మీరు నేర్పక్కర్లేదు. కానీ ఒక మాట, ముంగిస కూడా ఆ సందులోంచి దూరగలదు, సన్నగా సాగుతుంది అది. కాబట్టి ఇంటి దగ్గర మనిషి ఉన్నప్పుడే సందు తెరవండి. తోటకి వెళ్తున్నారా, పిల్లల్ని లోపల పెట్టి సందుకి పలక అడ్డం పెట్టి కట్టేసి వెళ్లండి.

ఏం చెల్లెమ్మా? ఆ, కొన్న పిల్లలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ రకాల పిల్లల్ని తెచ్చుకుంటున్నారు కదా, వాటికి తల్లి ఉండదు. వాటికి మొదటి మూడు నాలుగు వారాలు వేడి మనమే ఇవ్వాలి. అట్టముక్కతోనో తడికతోనో అడుగున్నర ఎత్తు గుండ్రంగా కట్టండి. గుండ్రంగానే ఎందుకు? మూలలు ఉంటే చలికి అన్నీ ఒక మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి కింద ఉన్నవి నలిగి చచ్చిపోతాయి. పైన బల్బు, పిల్లకి రెండు వాట్లు లెక్క, ముప్పై పిల్లలకి 60 వాట్ల బల్బు ఒకటి. ఎల్ఈడీ బల్బు పెట్టకండి అమ్మా, వెలుతురు ఇస్తుంది గానీ వేడి ఇవ్వదు, పాత రకం గాజు బల్బే కావాలి. కొట్టువాడు కరెంటు ఆదా అని ఎల్ఈడీయే ఇస్తాడు, అడిగి తీసుకోండి. వేడి సరిపోయిందా లేదా ఎలా తెలుస్తుంది? పిల్లల్నే చూడండి. బల్బు కింద ముద్దగా చేరి కీచుమంటున్నాయంటే చలి, అంచులకి పారిపోయి నోరు తెరిచాయంటే వేడి ఎక్కువ, లోపలంతా చల్లినట్టు తిరుగుతున్నాయంటే సరిగ్గా ఉంది.

ఇప్పుడు పెద్ద గూడు

పది కోళ్లకి చెప్తాను, మీకు ఇరవై ఉంటే రెండు గూళ్లు కట్టుకోండి గానీ ఒక్కటే పెద్దది కట్టొద్దు, జబ్బొస్తే వేరు చెయ్యడానికి కూడా రెండోది పనికొస్తుంది. కోడికి రెండు చదరపు అడుగులు లెక్క. పది కోళ్లకి ఇరవై. ఐదు అడుగులు పొడవు, నాలుగు అడుగులు వెడల్పు. వెడల్పు నాలుగు దాటనివ్వకండి, ఎందుకో తెలుసా? మన చెయ్యి లోపలికి రెండు అడుగులు అందుతుంది, ఈ పక్క నుంచి రెండు, ఆ పక్క నుంచి రెండు. చెయ్యి అందని మూల ఉందంటే అక్కడ రెట్ట ఉంటుంది, గుడ్డు ఉంటుంది, పాము ఉన్నా మనకి కనపడదు. వేలు పోసి కొన్న ఇనుప గూళ్లు కూడా చూశాను నేను, కోడి దూరే చిన్న తలుపు తప్ప ఇంకేమీ ఉండదు, కడగాలంటే మనిషి పడుకుని చెయ్యి పెట్టాలి, ఎన్నాళ్లు కడుగుతారు అలాగ? కోడికి అడుగు తలుపు చాలు, మనకి మాత్రం రెండు పొడుగు పక్కల గోడలూ మొత్తం పైకి లేచేలా ఉండాలి.

నేల నుంచి రెండు అడుగులు ఎత్తులో ఉండాలి గూడు. మనది ఇసక నేల, స్తంభం అడుగు పాతితే గాలికి ఊగుతుంది, రెండు అడుగులు పాతండి, పాతే చివర అడ్డంగా ఒక కర్రముక్క మేకు కొట్టి పాతితే పైకి లేవదు. అంటే కింద రెండు, గాలిలో రెండు, పైన గూడు ఎత్తు ఒక పక్క మూడున్నర, ఇంకో పక్క మూడు. ఎనిమిది అడుగుల సరుగుడు కర్రలు నాలుగు తెచ్చుకుంటే కోసుకోడానికి సరిపోతాయి. మట్టిలో ఉండే భాగానికి తారు గానీ పాత ఇంజన్ ఆయిల్ గానీ పూయండి, చెద పట్టకుండా. కాళ్లకి నేల నుంచి అడుగు ఎత్తులో నూనె డబ్బా రేకు కత్తిరించి చుట్టి మేకులు కొట్టండి, ఎలకలు పట్టు దొరక్క జారిపోతాయి. ఆ రేకు కింద గ్రీజు రాస్తే ఎర్రచీమలు ఎక్కవు. చీమలు చిన్నవే గానీ, పొదిగే పెట్ట కింద గుడ్డు చిట్లి పిల్ల సగం బయటికి వచ్చినప్పుడు చీమ పడితే ఆ పిల్ల బతకదు.

అడుగు వెదురు బద్దలతో వేయండి, లేకపోతే పోక బద్దలు. బద్దకీ బద్దకీ మధ్య చిటికెన వేలు దూరాలి, బొటనవేలు దూరకూడదు. అప్పుడు రెట్ట కిందకి పడుతుంది, కోడి కాలు ఇరుక్కోదు, ముంగిస మూతి పెట్టలేదు. కింద పడ్డ రెట్ట వారానికోసారి ఊడ్చి గుంటలో వేసుకోండి, కుళ్లాక కొబ్బరి మొక్కకీ కూరపాదుకీ వేయొచ్చు, పచ్చి రెట్ట వేస్తే మొక్క మాడిపోతుంది.

ఇక గోడలు. పొడుగు తూర్పు పడమరగా పెట్టుకోండి. అప్పుడు ఎండ పడేది చిన్న గోడల మీద, తూర్పువి పడమటివి. ఆ రెండూ మూసెయ్యండి, తడిక కట్టి మట్టీ పేడా కలిపి మెత్తితే చాలు, పైన ఆరు అంగుళాలు మాత్రం వదిలి మెష్ వేయాలి. ఉత్తరం దక్షిణం పక్కలు కింద అడుగు మూసి పైనంతా మెష్. మూడు అడుగుల వెడల్పు మెష్ పన్నెండు అడుగులు పడుతుంది మొత్తం. ఏ మెష్? వెల్డింగ్ చేసిన అర అంగుళం మెష్. ఆరు పలకల కళ్లతో సన్న తీగతో అల్లింది ఉంటుంది చూడండి, చికెన్ మెష్ అని అమ్ముతారు, సగం రేటుకి వస్తుంది. అది కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కని బయట ఆపదు, పళ్లతో లాగితే చిరిగిపోతుంది. గూడు మొత్తంలో కొత్తది, మంచిది కొనాల్సింది ఏదైనా ఉందంటే ఈ మెష్, గొళ్లెం, బైండింగ్ వైరు. మిగతాదంతా మన పెరట్లో ఉంది. పాత తలుపుంటే వాడండి, పాత కిటికీ ఉంటే వాడండి. మెష్ దగ్గర మాత్రం బేరం చూడొద్దు. రేటు నన్ను అడగొద్దు, సోంపేటలో ఒకటి చెప్తారు పలాసలో ఒకటి చెప్తారు, ఐదారుగురు కలిసి ఒక రోలు కొని పంచుకోండి, అది లాభం.

అమ్మా, మెష్ పక్కలు చూసి చాలామంది ఏమంటారంటే, చలికాలం కోళ్లకి చలేస్తుంది కదండీ అని గోతాలతో మొత్తం మూసేస్తారు. ఇది వినండి. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్, మన కంటే ఎక్కువ, పైన ఈకలు. మన ఊరి చలి దానికి లెక్కలోది కాదు. దానికి కష్టం చలి కాదు, రాత్రంతా మూసిన గూట్లో రెట్ట నుంచి లేచే ఘాటు. అమ్మోనియా అంటారు. పొద్దున్నే తలుపు తీసే ముందు కోడి కూర్చునే ఎత్తులో మీ మొహం పెట్టి గాలి పీల్చి చూడండి. కళ్లు మండాయా? అయితే ఆ కోళ్లు రాత్రంతా అందులోనే ఉన్నాయి. ముక్కు కారడం, గురక, కళ్లు వాయడం, చాలాసార్లు ఇక్కడి నుంచే మొదలవుతాయి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి పైన సందు ఎప్పుడూ మూయకూడదు. వాన జల్లు కొడుతుందంటే ఆ పక్క గోతం పరదా దించండి, వాన తగ్గగానే ఎత్తెయ్యండి.

ఎండాకాలం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే వేడి బయటికి పోతుంది. రెంటచింతల వైపు పొడి ఎండ, అక్కడ తడి గోతాలు కడితే గాలి చల్లబడుతుంది. మనది సముద్రం గాలి, ఉక్క. గాలిలో ముందే తడి ఉంటే ఇంకా తడి చల్లితే ఏం ఆరుతుంది? గూట్లో ఉక్క పెరుగుతుంది, కోడి రొప్పినా లాభం ఉండదు. అందుకని మనకి గాలి ఆడటమే ముఖ్యం, నీళ్లు చల్లడం కాదు. పైకప్పు రేకైతే దాని మీద కొబ్బరాకు మందంగా పరవండి, సున్నం కొట్టండి. చల్లటి నీళ్లు మధ్యాహ్నం ఒకసారి మార్చండి.

పైకప్పుకి ఎనిమిది అడుగుల రేకులు రెండు చాలు. వాలు దక్షిణానికి, గూడు ముందు వెనక చూరు అడుగున్నర రెండు అడుగులు బయటికి రావాలి, జల్లు లోపలికి రాకుండా. సిమెంటు రేకు పాతది దొరికితే వేసుకోండి గానీ ఇంటి దగ్గర కొయ్యొద్దు, ఆస్‌బెస్టాస్ ఉన్న రేకు దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది.

ఇక తుపాను. మీకు నేను చెప్పాలా? 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మన కొబ్బరిచెట్లే పడిపోయాయి, కోళ్ల గూడు ఎంత? అయినా చెయ్యగలిగింది ఉంది. రేకుని మేకుతో కొడితే గాలికి మేకు దగ్గర చిరిగి రేకు ఎగిరిపోతుంది, ఎగిరిన రేకు మనిషి మెడ కోస్తుంది. రేకు మీద నుంచి అడ్డంగా సరుగుడు కర్ర వేసి ఆ కర్రని స్తంభానికి తీగతో కట్టండి. తుపాను హెచ్చరిక రాగానే రేకుల మీద నుంచి తాడు వేసి రెండు పక్కలా మేకులు పాతి కట్టండి. కోళ్లని మాత్రం ఆ రాత్రి అందులో ఉంచకండి, గంపల్లో పెట్టి ఇంట్లోకి తెచ్చేసుకోండి. గూడు పోతే మళ్లీ కట్టుకోవచ్చు. కొబ్బరిచెట్టు కింద గూడు పెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదు కదా, మామూలు రోజుల్లో కూడా కాయ పడితే రేకు పగులుతుంది.

లోపల సామాను త్వరగా చెప్తాను. కూర్చోడానికి రెండు అంగుళాల లావు కర్రలు రెండు, ఒకే ఎత్తులో, ఎందుకంటే ఒకటి పైన ఒకటి కింద ఉంటే అన్నీ పైదానికే కొట్టుకుంటాయి. కోడికి ఎనిమిది అంగుళాలు చోటు. వనరాజ బరువు కోడి, ఎగరలేదు, దానికి అడుగున్నర కంటే ఎత్తు పెట్టొద్దు, దిగేటప్పుడు కాలు దెబ్బతింటుంది. గుడ్లకి నాలుగైదు పెట్టలకి ఒక గంప, కూర్చునే కర్ర కంటే కిందకి ఉండాలి, లేకపోతే గంపలోనే పడుకుని రెట్ట వేస్తాయి. అందులో ఊక వేసి చీకటిగా ఉంచండి. వెదురు కణుపుల్లో, పగుళ్లలో పిడుదులు దాక్కుంటాయి, రాత్రి వచ్చి రక్తం తాగుతాయి, అందుకని అప్పుడప్పుడూ మరిగే నీళ్లు పోసి, ఆరాక సున్నం చిక్కగా కొట్టండి, పగుళ్లు పూడిపోతాయి.

పెద్ద కోళ్లకి కూడా దడి కావాలా అని ఇందాక ఒకరు అడిగారు. వదిలేసి పెంచగలిగితే వదిలెయ్యండి, వాటికి అదే మంచిది, మేత ఖర్చు తగ్గుతుంది. కానీ పక్కింటి వాళ్లు జీడిగింజలు ఆరబెట్టారు, కూరమళ్లు వేశారు, వీళ్ల కోళ్లు వెళ్లి కెలికాయి, గొడవ. ఆ గొడవలు ఊళ్లో నాకు తెలుసు, పేర్లెందుకు. అలాంటి చోట దడి కట్టక తప్పదు. కోడికి పది చదరపు అడుగులు తక్కువ కాకుండా చూసుకోండి, పది కోళ్లకి పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. వనరాజకి నాలుగు అడుగుల ఎత్తు ఆగుతుంది. నాటుకోడి ఆరడుగులైనా దాటేస్తుంది, దానికి ఒక రెక్కలో ఈకల చివర్లు కత్తిరిస్తే చాలు, రెండు రెక్కలూ కాదు, ఒకటే, అప్పుడు ఎగిరితే పక్కకి ఒరిగిపోతుంది. దడి అడుగున కుక్క, పందికొక్కు ఇసకలో తవ్వుకుని వస్తాయి, దానికి మెష్ లోతుగా పాతక్కర్లేదు, అడుగున్నర వెడల్పు మెష్ ముక్కని బయటి వైపు నేల మీద పడుకోబెట్టి పైన మట్టి, రాళ్లు వేసెయ్యండి. తవ్వేది దడి పక్కనే మొదలుపెడుతుంది, మెష్ తగిలి ఆగిపోతుంది.

దడి ఇంటికి దగ్గరగా కట్టండి, తోట చివర కాదు. మన దగ్గర ఎలుగుబంట్లు తిరుగుతాయి, పొద్దున్నే చీకట్లో గూడు తియ్యడానికి ఆడవాళ్లు తోట చివరికి వెళ్లకూడదు. ఇది కోళ్ల కోసం కాదు, మీ కోసం చెప్తున్నాను.

చెరువు గట్టున కూడా వద్దు. తేలినీలాపురం, తేలుకుంచి ఊళ్లకి వచ్చే వలస పక్షులు మన ఊళ్ల చెరువుల్లోనే మేస్తాయి, అవి మనకి గొప్ప, వాటి జోలికి పోకూడదు. కానీ నీటి పక్షుల రెట్టలున్న చోట కోళ్లు తిరగకూడదు. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్ని కోళ్లు పోయాయో టీవీలో చూశారు. దాణా, నీళ్లు కప్పు కింద పెట్టండి, బయట పెడితే అడవి పక్షులూ కాకులూ వచ్చి అందులో మూతి పెడతాయి. ఒకేసారి నాలుగైదు కోళ్లు చచ్చిపోతే పశువుల డాక్టరుకి చెప్పండి, కోసి పంచుకోకండి.

చివరి ప్రశ్న ఎవరిది? ఆ బాబు. మంచి గూడు కడితే కొక్కెర తెగులు, అదే రాణిఖెట్ జబ్బు, రాదా అంటున్నాడు. వస్తుంది నాయనా. గూడు ముంగిసని ఆపుతుంది, వానని ఆపుతుంది, కొక్కెరని ఆపదు. దానికి టీకాయే. ఐదు నుంచి ఏడు రోజుల పిల్లకి లసోటా చుక్క కంట్లో, ఎనిమిది వారాలకి ఆర్‌టూబీ ఇంజెక్షన్. మందు సీసా చిన్నదైనా అందులో ఎక్కువ కోళ్లకి సరిపడా ఉంటుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, ఒక్క ఇంటికి కొంటే మిగిలింది పారబొయ్యాలి. అందుకే సంఘంగా ఒక రోజు పెట్టుకోండి, ఐస్ డబ్బాలో మందు తెప్పించండి, ముందు రాత్రే అందరూ కోళ్లని గూట్లో ఉంచండి. తెల్లారకముందే మొదలుపెడితే, చెయ్యి అన్ని మూలలకీ అందే గూడు ఉన్నోళ్ల ఇంట్లో ఐదు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత పక్కింటికి వెళ్లొచ్చు.